ఆగిన గంటలో ఆదివారం భోజనం

అదిగో, ఆపేసింది. మార్లీన్ పీట ఎక్కి, గోడ గడియారం అద్దం తలుపు తీసి, ఊగుతున్న లోలకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఆపేసింది, ముల్లు ఒంటిగంట దగ్గర నిలబడిపోయింది, ఇక బయట లోకమంతా పన్నెండు నుంచి ఒంటిగంట దాకా నడవాలి, లోపల మాకు మాత్రం గంటసేపూ ఒంటిగంటే. ఈ పాత గడియారం ముల్లును వెనక్కి తిప్పకూడదు, తిప్పితే గంటలు కొట్టే చక్రం విరుగుతుంది, అందుకని అక్టోబరు చివరి ఆదివారం, దేశమంతా గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుకునే రోజున, మా లాంతరు పబ్బులో దీన్ని మధ్యాహ్నం భోజనాల వేళ గంటసేపు ఆపి ఉంచుతారు. మార్లీన్ తాత కాలం నుంచీ అంతే. ఆ గంటసేపూ కూర్చున్నవాళ్లు కూర్చున్నచోటే తినాలి, లేవకూడదు, బల్ల మారకూడదు, టైమెంతయిందని ఎవర్నీ అడగకూడదు. ఎందుకయ్యా అంటే ఎవరూ సరిగ్గా చెప్పరు. "లెక్కలో లేని గంట ఇది, బంగారం, ఇందులో ఎవరు ఎటు తిరుగుతారో ఏం తెలుసు" అంటుంది మార్లీన్, అని తనే నవ్వేస్తుంది, కానీ లోలకం ఆపగానే ఒకసారి తలుపు వైపు చూస్తుంది. ఇవాళ కూడా చూసింది. కిటికీ పక్క బల్ల నుంచి గిల్బర్ట్ అరుస్తున్నాడు, "లెక్కలో లేని గంటైతే ఇప్పుడు తాగిన బీరు డాక్టరుకి చెప్పక్కర్లేదుగా మార్లీన్?" "డాక్టరుకి నువ్వు చెప్పకు, మీ ఆవిడకి నేను చెప్తా, మూసుకుని తిను." అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక టిక్కు టిక్కు లేదు, ఏడాదంతా మనం వినకుండా వింటున్న ఆ చప్పుడు లేదు, కంచాల మీద కత్తులు గీసుకుంటున్న చప్పుడొక్కటే మిగిలింది.

నా కంచం వేడిగా ఉంది, వేడి కంచం పెట్టడం తెలిసిన పబ్బు మా జిల్లాలో ఇదొక్కటే. ముప్పయ్యొక్క ఏళ్లు బడి వంటింట్లో నాలుగొందల మంది పిల్లలకి వండిపెట్టినదాన్ని, నాకు చెప్పకండి. గొర్రె తొడమాంసం, మూడు ముక్కలు, అంచు కాలి నడిమి ఇంకా గులాబీ రంగులో ఉంది, పైన పుదీనా వెనిగర్, పక్కన కొవ్వులో కాల్చిన బంగాళదుంపలు, గోటితో తడితే టక్కుమంటున్నాయి, అలా టక్కుమనాలి, మెత్తగా ఉంటే అది దుంప కాదు దూది. క్యాబేజీ కాస్త ఎక్కువ ఉడికింది, చెప్పను, చెబితే మార్లీన్ వారం రోజులు మూతి ముడుచుకుంటుంది. యార్క్‌షైర్ పుడ్డింగు, ఆ గిన్నెలా పొంగే పిండి రొట్టె, ఎద్దుమాంసం పక్కనే ఉండాలి, గొర్రెమాంసంతో పెట్టకూడదు, మా అమ్మైతే చూసి గుండెలు బాదుకునేది, కానీ ఇప్పుడందరూ అడుగుతున్నారట, పెట్టేశారు, దాని గుంతలో గ్రేవీ చెరువులా నిలిచింది, సరే, నేనేం వద్దనను. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. అబ్బ. ఈ రుచి ఊళ్లో కసాయి కొట్లో కొంటే రాదు. ఇవి ఉప్పుగడ్డి మేసే గొర్రెలు, పోటు వచ్చినప్పుడల్లా మా తీరంలో నీళ్లు పొర్లే గడ్డి అది, సముద్రం వచ్చి పోయాక మిగిలిన ఉప్పంతా గడ్డికి, గడ్డి నుంచి గొర్రెకి, గొర్రె నుంచి నా నాలుకకి. మా ఆయన నెవిల్ అనేవాడు, బెరిల్, మనం సముద్రాన్ని తినడానికి గొర్రెని అడ్డం పెట్టుకున్నామే అని. అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి నమలడం ఆపాను, ఎందుకంటే మూడేళ్ల నుంచీ నెవిల్ కూడా ఆ నీళ్లలోనే ఉన్నాడు, వెతికినవాళ్లకి ఒక బూటు దొరికింది, అంతే, మిగతాదంతా ఆ నీళ్లలోనే, ఆ నీళ్లు ఆ గడ్డి మీదికి, ఛీ ఛీ, ఏం ఆలోచన ఇది, తిండి ముందు కూర్చుని. నమిలాను. మింగాను. రుచిగానే ఉంది, అదే నాకు భయం వేసింది.

ఎదురు కుర్చీ ఖాళీ. ఇద్దరి బల్లే ఇస్తుంది మార్లీన్, గోడ పక్కది, మా బల్ల. వచ్చీరాగానే ఆ కుర్చీని నా వైపు తిప్పి సరిగ్గా పెట్టాను, చేతుల కుర్చీ, బరువు, ఈడిస్తే నేల మీద గీత పడుతుంది. నా భుజం దగ్గర మేకుకి పోటు పట్టిక వేలాడుతోంది, ఏ రోజు సముద్రం ఎన్నింటికి ఇసుక మీదికి వస్తుందో చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసిన చిన్న పుస్తకం. ఈ ఏడాదిది. మూడేళ్ల కిందటిది వీళ్లు ఏం చేశారో, పొయ్యిలో వేసి ఉంటారు. నేను అటు చూడను. తలుపు దగ్గర మార్లీన్ కుక్క మోస్ పడుకుని ఉంది, ముసలిది, భోజనాల వేళ లేవదు, ఎముక వేసినా తల తిప్పదు. కిటికీ అవతల పొగమంచు. తెల్లగా, దగ్గరగా, గాజుకి ముక్కు ఆనించినట్టు. ఆ అవతల ఇసుక, ఇసుక అవతల ఇంకా ఇసుక, నీళ్లు లేనప్పుడు నాలుగు మైళ్లు నడిచిపోవచ్చు, గుల్లలు ఏరుకోవచ్చు, పార పెట్టి ఇసుకని గీరితే గుల్లలు పైకి తేలతాయి, గీరుడు, గీరుడు, సర్రు సర్రున. ఇప్పుడు వినపడుతున్నది కంచాల మీద కత్తులే. అవును, కత్తులే.

డెస్ పొయ్యి పక్క మూల బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని తింటున్నాడు. మూడేళ్లుగా ఒక్కడే. నలుగురి బల్ల అది, మిగతా మూడు కుర్చీలూ ఎవరో ఒకరు వచ్చి "ఇది తీసుకోవచ్చా" అని పట్టుకుపోతారు, కూర్చోవడానికి మాత్రం ఎవరూ రారు. ఒకప్పుడు ఈ తీరంలో ఇసుక మీద దారి చూపేవాడు డెస్. చెట్టుకొమ్మలు కోసుకుపోయి ఊబి లేని చోట వరసగా పాతి వచ్చేవాడు, ఆ కొమ్మల వెంట నడిస్తే ప్రాణానికి భయం లేదు. ఇప్పుడు ఆ పని వేరేవాళ్లు చేస్తున్నారు. నెవిల్ పోయిన రోజు తలుపు దగ్గర నిలబడి నెవిల్‌తో ఆఖరిసారి మాట్లాడింది డెస్సే, అందరూ చూశారు, ఆ తరవాత నెవిల్ పోటుకి గంట ముందు రావలసినవాడు పోటులో చిక్కుకున్నాడు. డెస్ తప్పు టైము చెప్పాడు. ఊరంతా అదే అనుకుంది. పైకి ఎవరూ అనలేదు, మా వాళ్లు పైకి అనరు, పలకరింపు మానేస్తారు అంతే, గుడ్ మార్నింగ్ అంటే నేల చూసి పోతారు, అది దెబ్బ కంటే ఎక్కువ. ఇందాక బీరు తెచ్చి పెడుతూ మార్లీన్ నా చెవిలో అంది, "విన్నావా బంగారం, డెస్ ఇల్లు ఖాళీ చేశాడు, మంగళవారం వెళ్లిపోతున్నాడట, చెల్లెలి దగ్గరికి, ఎక్కడో తూర్పున. మంచిదే అయింది, నీ కళ్లకి శాంతి." నేను ఊఁ అన్నాను. ఊఁ అన్నాను! నా నాలుక పడిపోను. మంగళవారం అంటే ఎల్లుండి. ఇవాళ కాకపోతే ఇక లేదు, ఆయన రైలెక్కుతాడు, నేను చచ్చేదాకా ఇదే బల్ల దగ్గర ఇదే మాంసం నమలాలి.

ఎందుకంటే టైము చెప్పింది నేను. ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే ఆగిన గంటలో, ఇలాగే గ్రేవీలో దుంప ముంచుకుంటూ. నెవిల్ కళ్లజోడు మర్చిపోయి వచ్చాడు, ఆయన మర్చిపోని రోజు ఏది, నలభై ఏళ్లూ పట్టిక చదివింది నేనే. "బెరిల్, నీళ్లెప్పుడు?" నేను తల తిప్పి చూశాను, రెండు పది అని ఉంది, ఒకటి కలిపి మూడు పది అన్నాను. కలపాలి కదా. ఆ పుస్తకం చలికాలం గంటల్లో అచ్చవుతుంది, మార్చి నుంచి అక్టోబరు దాకా మన గడియారాలు గంట ముందుంటాయి కాబట్టి ఏడు నెలలూ ఒకటి కలుపుకోవాలి, మా తీరంలో చంటిపిల్లలకి కూడా తెలుసు, చేతికి అలవాటైపోతుంది, రెండంటే మూడు, ఆరంటే ఏడు. కానీ ఆ రోజు పొద్దున్నే గంటలు వెనక్కి జరిగాయి. ఆ రోజు నుంచీ కలపకూడదు. నా తల మీదే గడియారం ఆగి ఉంది, అందుకే ఆగి ఉంది, నోట్లో దుంప పెట్టుకుని మూడు పది అన్నాను. నెవిల్ గుల్లలకని పార, సంచీ తీసుకుని ఒంటిగంటకి లేచాడు, మూడింటికల్లా ఇంట్లో ఉంటా, టీ పెట్టు అన్నాడు. రెండున్నరకి నేను ఇంట్లో గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూశాను, ఇసుక లేదు. నీళ్లు. అంతా నీళ్లు, పైన మంచు. గిన్నె చేతిలో ఉంది. నీళ్లని చూసి మొదట నాకు కోపం వచ్చింది, ఏమిటిది ముందే వచ్చేసిందేమిటి అని. తిట్టాను కూడా. అప్పుడు లెక్క తెలిసింది.

కళ్లెత్తాను. ఏదో వాసన. నెవిల్ పోయాక మొదటి ఏడు ఇదే గంటలో వాసన వచ్చింది, తడిసిన ఉన్ని, నాచు, చలి, పొయ్యి మండుతున్న గదిలో నా ఎదుట మాత్రం చలి. ముసలిదాని ముక్కు అనుకున్నాను. రెండో ఏడు ఎదురు కుర్చీ మెత్త తడిసి ఉంది, చెయ్యి పెట్టి చూసి నాలుకకి రాసుకున్నాను, పిచ్చిదాన్ని, ఉప్పగా ఉంది. ఎవరికి చెప్పను. చెబితే పాపం బెరిల్ అంటారు, పాపం అనే మాట మూడేళ్లుగా తింటున్నాను, ఇంకా కడుపు నిండలేదా అనుకుంటాను ఒక్కోసారి. ఎందుకొస్తున్నావు మరి ఈ రోజునే బెరిల్, ఇంట్లో ఒక గుడ్డు ఉడకబెట్టుకుని తినొచ్చుగా? భయం ఉంది, నిజం, మోకాళ్ల దాకా భయం. కానీ రాకపోతే నెవిల్ వచ్చి ఖాళీ బల్ల చూసుకుంటాడేమో అని ఇంకా భయం. ఆయనకి ఒంటరిగా తినడం చేతకాదు. మోస్ లేచింది. ఆ ముసలి కుక్క తలుపు దగ్గర నుంచి లేచి, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, నా బల్ల కింద దూరి, ఎదురు కుర్చీ ముందు పడుకుని గడ్డం దేని మీదో ఆనించింది. నేలకి నాలుగు వేళ్ల ఎత్తున ఉంది దాని గడ్డం. కింద ఏమీ లేదు. ఏమీ లేనిదాని మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది, నెవిల్ బూటు మీద ఆనించుకునేది, సరిగ్గా అలాగే. నేను అరవలేదు. ముక్క కోసుకున్నాను, చూశావా నెవిల్, వచ్చావు కదా, తింటున్నాను, నువ్వు పోయినా తింటున్నాను, కోపంగా ఉందా, ఒక్క మాటు ఇటు చూడు. ఆ మాట అనుకుని కంచం మీద నుంచి తలెత్తితే కుర్చీ ఇటు లేదు. నా వైపు తిప్పి పెట్టిన కుర్చీ పక్కకి తిరిగి ఉంది, పొయ్యి వైపు, డెస్ బల్ల వైపు. ఎవరూ లేవలేదు. నేల మీద గీత లేదు. కుర్చీ వీపు నాకు, మొహం డెస్‌కి.

నెవిల్ చావు మీద విచారణ జరిగిన రోజు గుర్తొచ్చింది, ఊరి హాల్లో, చెక్క కుర్చీలు, ఎవరో దగ్గుతున్నారు. విచారణ అధికారి మెత్తగా అడిగాడు డెస్‌ని, మీరు అతనికి పోటు టైము చెప్పారా? డెస్ లేచి, చెప్పానండి అన్నాడు. ఎంతని చెప్పారు? డెస్ టోపీ రెండు చేతులతో నలిపాడు, గుర్తులేదండి అన్నాడు. గుర్తులేదు! ఇసుక మీద యాభై ఏళ్లు నడిచినవాడికి పోటు టైము గుర్తులేదు! హాలంతా ఉస్సురన్నది. నేను రెండో వరసలో నల్లకోటులో కూర్చున్నాను, లేచి నిలబడాల్సింది నేను, లేవలేదు, చేతిసంచీ గొళ్లెం తీసి వేసి తీసి వేసి కూర్చున్నాను. పైగా ఏమనుకున్నానో తెలుసా, గుర్తులేదంటున్నాడంటే తనూ తప్పే చెప్పి ఉంటాడు, ఇద్దరం చెప్పాం, సగం తప్పు తనది, అనుకున్నాను. ఆ సగం మీద పడుకుని మూడేళ్లు నిద్రపోయాను. సిగ్గులేనిదాన్ని. బయటికి వచ్చాక ఆడవాళ్లంతా నా చుట్టూ చేరి భుజాలు పట్టుకున్నారు, డెస్ మెట్ల మీద నుంచి దిగి ఒక్కడే నడిచిపోయాడు, మా పక్కనుంచే, టోపీ తీసి నాకు తల వంచాడు. నేను తల తిప్పుకున్నాను, అందరూ చూస్తున్నారని.

కంచం చేతిలోకి తీసుకున్నాను. ఇంకా రెండు దుంపలు, ఒక ముక్క, సగం పుడ్డింగు ఉన్నాయి, వదిలేసి పోవడం నా వల్ల కాదు, వంటదాన్ని. లేచాను. కుర్చీ కాళ్లు కీచుమన్నాయి. కత్తుల చప్పుడు ఆగింది, ఒక్కొక్కటీ కాదు, అన్నీ ఒక్కసారే, అప్పుడు విన్నాను, ఇంకా ఏదో గీరుతూనే ఉంది, కిటికీ అవతల, నిదానంగా, సర్రు సర్రున, అది కూడా ఆగింది. "బెరిల్," మార్లీన్ గొంతు సన్నగా వచ్చింది, "బెరిల్ బంగారం, గంట అవలేదు, కూర్చో తల్లీ." ఆవిడ మొహం తెల్లబోయింది. నేను నడిచాను. పన్నెండు అడుగులు ఉంటాయేమో పొయ్యి దాకా, చల్లటి గాలి నా మోచెయ్యి పక్కనే నాతోపాటే వచ్చింది, మోస్ కూడా లేచి వెంట వచ్చింది, దాని నడక నాతో కలవలేదు, నాకు పక్కగా ఇంకెవరి నడకతోనో కలిసింది. నేను పక్కకి చూడలేదు. డెస్ బల్ల మీద కంచం పెట్టి, ఇవాళ ఎవరూ పట్టుకుపోని ఒక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దగ్గర నుంచి చూస్తే మనిషి చిక్కిపోయాడు, చొక్కా మెడ వదులైపోయింది, కంచంలో సగం అలాగే ఉంది.

"లేవకూడదుగా బెరిల్," అన్నాడు డెస్, కత్తి పట్టుకునే.

"ఆ రోజు మూడు పది అని చెప్పింది నేను," అన్నాను. మెల్లగానే అన్నాను. "రెండు పది అని ఉంటే ఒకటి కలిపాను. గంటలు తిప్పారని మర్చిపోయాను. నువ్వు కాదు. నేను."

డెస్ నన్ను చూసి, కంచం చూసుకుని, కత్తి కింద పెట్టాడు. "తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"తలుపు దగ్గర అడిగాను, నీళ్లెప్పుడురా అని. మూడు పది అన్నాడు. రెండు పదిరా దద్దమ్మా, గంటలు వెనక్కి జరిపారు కదా అన్నాను. నవ్వాడు. మా బెరిల్ మూడు పది అంది, నలభై ఏళ్లలో ఆవిడ ఒక్క నిమిషం తప్పు చెప్పలేదు, ఆవిడ మాట కంటే నీ మాట ఎక్కువట్రా అన్నాడు. నా బుగ్గ మీద తట్టి పోయాడు." డెస్ మంచినీళ్లు తాగాడు. "నేనూ నవ్వాను బెరిల్. మెడ పట్టుకుని ఆపాల్సింది. నువ్వెప్పుడూ తప్పు చెప్పవు కదా, నేనే లెక్క తప్పానేమో అనుకున్నాను ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో మంచులోకి పోయాడు."

లోపల ఏదో జారిపోయింది, నేను దాచుకున్న ఆ సగం. సరైన టైము చెవిన పడి కూడా పోయాడు, నా మాట అని పోయాడు. కోపమొచ్చింది ముందు, నెవిల్ మీద, ఎవడు నమ్మమన్నాడయ్యా నన్ను అంతలా, పెళ్లాం మాటని ఏ రోజైనా సరిగ్గా విన్నావా, ఇంటి చూరు బాగు చేయించమంటే పదేళ్లు వినలేదు, డాక్టరు దగ్గరికి పొమ్మంటే వినలేదు, విన్నది ఇదొక్కటేనా. తరవాత ఏడుపొచ్చింది. "మరి గుర్తులేదన్నావెందుకు? ఆ హాల్లో? మూడేళ్లు ఇలా కుక్కలా మూల కూర్చున్నావెందుకు?"

"ఏం చెప్పమంటావ్? నిన్ను నమ్మి పోయాడని చెప్పమంటావా, అంతమంది ముందు, నువ్వు నల్లకోటేసుకుని కూర్చుంటే? వాడు నా స్నేహితుడు. నువ్వు వాడి పెళ్లానివి." ఫోర్కుతో ఒక దుంపని ఇటు దొర్లించి అటు దొర్లించాడు. "తిను బెరిల్, చల్లారిపోతోంది. నేను ఎల్లుండి పోతున్నాగా. అయిపోయింది, వదిలెయ్. కూర్చో. ఏయ్, ఎక్కడికి?"

నేను లేచాను. పబ్బంతా నన్నే చూస్తోంది, ఫోర్కులు చేతుల్లో పట్టుకుని, మార్లీన్ బార్ వెనక తువ్వాలు గుండెకి అదుముకుని. నా భుజం మీద చల్లగా ఏదో ఆనింది, బరువుగా, తడిగా, అయిదు వేళ్లలా, భయం వెయ్యలేదు, నిలబడటానికి ఆధారంగా ఉంది. "నెవిల్‌కి పోటు టైము తప్పు చెప్పింది డెస్ కాదు," అన్నాను. "డెస్ సరిగ్గానే చెప్పాడు. తప్పు చదివింది నేను. నెవిల్ నా మాట నమ్మి పోయాడు. మూడేళ్లు నోరు మూసుకున్నాను." మెట్ల పక్క బల్ల దగ్గర ముసలి ఐవర్ తన మనవరాల్ని చూసి ఏమంటోంది ఆవిడ అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, ఆయనకి చెవుడు, అందుకని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను, ఈసారి గట్టిగా.